ఊరి పేరు చివర ‘వై’ ఎవరు పెట్టారు?

నిజామాబాద్ జిల్లా మండలాల పట్టిక తీస్తే డిచ్‌పల్లి, ధర్పల్లి, జక్రాన్‌పల్లి, ఎడపల్లి, కమ్మర్‌పల్లి కనిపిస్తాయి. తెలుగులో అన్నిటికీ చివర ఒకటే రాత: లకారానికి గుడి, కింద లావొత్తు. అదే పట్టికను ఇంగ్లీషులో చూస్తే అన్నిటికీ చివర ‘వై’. గుంటూరు వైపు పోతే తాడేపల్లికి ‘ఐ’ ఉంది, రాయలసీమలో మదనపల్లెకు ‘ఈ’ ఉంది. తెలంగాణలోనే పెద్దపల్లికి ‘ఐ’ రాస్తారు, భూపాలపల్లికి ‘వై’ రాస్తారు. 2016 అక్టోబరు 11న, ఒకే రోజు పుట్టిన జిల్లాలివి రెండూ. దీన్ని గుమస్తాల నిర్లక్ష్యమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నోరు తిరగని తెల్లదొరలు మన పేర్లకు తగిలించిపోయిన తోక అని కోప్పడేవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. ఆధారాలు ఈ రెండో మాటకు ఎదురు తిరుగుతున్నాయి. దొరల పాలన చివరి డెబ్బై ఎనభై ఏళ్లలో సర్కారీ పుస్తకాలు మన పల్లెల చివర రాసింది ‘ఐ’. ‘వై’ని కోరి తెచ్చుకున్నది మనమే, అదీ బడిలో నేర్చిన ఇంగ్లీషుతో.

ఆ బడి పాఠం ఏమిటో ముందు చూడాలి. హల్లు తర్వాత ‘వై’తో ముగిసే నామవాచకాన్ని బహువచనం చేస్తే ‘వై’ పోయి ‘ఐ-ఈ-ఎస్’ వస్తుంది: సిటీ, సిటీస్, లేడీ, లేడీస్. క్రియకూ అంతే. ‘క్యారీ’ని భూతకాలంలో రాసేటప్పుడు ‘వై’ స్థానంలో ‘ఐ-ఈ-డి’ చేరుతుంది. ‘ఐ-ఎన్-జి’ చేర్చితే మాత్రం ‘వై’ కదలదు, రెండు ‘ఐ’లు పక్కపక్కన కూర్చోవడం ఇంగ్లీషుకు గిట్టదు కనుక. బాయ్, ప్లే లాంటి మాటల్లో ‘వై’కి ముందు అచ్చు ఉంది కాబట్టి అక్కడ ఏ మార్పూ లేదు. పిల్లలు దీన్ని ‘వై’ కాస్తా ‘ఐ’గా మారడమని బట్టీ పడతారు. చరిత్రలో జరిగింది దీనికి తలకిందులు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్‌లో ‘సిటీ’ ఏకవచనమే తరచుగా ‘ఐ-ఈ’తో ముగుస్తుంది, బహువచనానికి దాని పక్కన ఒక ‘ఎస్’ చేర్చితే సరిపోయేది. అంతకు ముందు లేఖకులకు ‘ఐ’, ‘వై’ దాదాపు ఒకటే, ఏది చేతికొస్తే అది రాసేవారు. కాక్స్టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక కూడా చాలాకాలం ఆ గందరగోళం నడిచింది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల ముద్రాపకులు నెమ్మదిగా ఒక ఏర్పాటుకు వచ్చారు: మాట చివర ‘వై’, మాట లోపల ‘ఐ’. ఏకవచనం కొత్త వేషం వేసుకుంది, బహువచనం పాత బట్టల్లోనే ఉండిపోయింది. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చేసరికి ఇది స్థిరపడిపోయింది. అంటే మన పిల్లలు వ్యాకరణ సూత్రమని నేర్చేది నిజానికి అక్షరాలు కూర్చునే చోట్ల గురించిన పాత ఒప్పందం. ‘చివర వై, లోపల ఐ’ అన్న ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పబోయే కామారెడ్డి కథ తేలిగ్గా అర్థమవుతుంది.

ఇంగ్లీషు చదువుకున్నవాడి కంటికి మాట చివర ‘ఐ’ పరాయిగా కనిపిస్తుంది. లాటిన్ నుంచి వచ్చిన ‘అలమ్నై’ లాంటి మాటల్లో దాన్ని ‘ఐ’ అనే పలుకుతారు. ‘ఈ’ పెడితే ఇంకా ప్రమాదం, అది మూగ అక్షరం. మదనపల్లె కాస్తా మదనపల్ అయి కూర్చుంటుంది. హ్యాపీ, సిటీ, లేడీ అలవాటైన నోటికి ‘పల్లి’ అని పలికించాలంటే ‘వై’ని మించిన దారి లేదు. కంపెనీ రోజుల దొరలు ఆ దారే తొక్కారు. బళ్లారికి చివర ‘వై’ పెట్టారు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని తిరుమలగిరిని ‘ట్రిమల్‌గెరీ’ చేసి దానికీ ‘వై’ తగిలించారు. తిరుచిరాపల్లి ‘ట్రిచినోపొలి’ అయింది, అక్కడా చివర ‘వై’యే. చెవికి ఎలా వినిపిస్తే అలా, తమ భాష అలవాట్లతో రాసుకున్న రాతలివి. తోక తగిలించారని దొరలమీద వేసే నింద ఈ కాలానికి పూర్తిగా వర్తిస్తుంది. అయితే ఆ కాలం 1871 దగ్గర ముగిసిపోయింది.

ఆ ఏడాది విలియం విల్సన్ హంటర్ భారతీయ నామాల వర్ణక్రమం మీద ఒక మార్గదర్శిని వెలువరించాడు. ఒక్కో జిల్లా దొర ఒక్కో రకంగా రాస్తున్న ఊళ్ల పేర్లను ఒక దారికి తేవడం దాని పని. అతని పద్ధతికి మూలం అంతకు దాదాపు వందేళ్ల ముందు కలకత్తాలో విలియం జోన్స్ వేసిన బాట: హల్లులకు ఇంగ్లీషు ఉచ్చారణ, అచ్చులకు ఇటాలియన్ ఉచ్చారణ. ఈ లెక్కలో మన ఇకారానికి ‘ఐ’ ఒక్కటే గతి. ‘వై’ కేవలం యకారానికి. చివరైనా మధ్యలోనైనా తేడా లేదు. బాగా పాతుకుపోయిన కలకత్తా, బొంబాయి, లక్నో వంటి పేర్లను మాత్రం హంటర్ ముట్టుకోలేదు. బళ్లారి ‘వై’ ఆ మినహాయింపు నీడలోనే బతికింది. మిగిలిన వేలాది ఊళ్లకు కొత్త పద్ధతి వచ్చింది. 1881లో తొలిసారి వెలువడిన ఇంపీరియల్ గెజెటీర్ దీనికి పెద్ద వేదిక అయింది. ఇరవయ్యో శతాబ్దపు కూర్పులో 1908 నాటి సంపుటం నిజామాబాద్ జిల్లాను వర్ణిస్తూ, పూర్వనామం ఇందూరు అని చెప్పి, తాలూకాల్లో బోధన్, ఆర్మూరులతో పాటు కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేటలను పేర్కొంటుంది. ఆ రెండు పేర్లలోనూ ‘రెడ్డి’కి రాసింది ‘ఐ’. అటు మద్రాసు వైపు ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో కులాలు, తెగల మీద అచ్చువేసిన సంపుటాల్లోనూ ‘రెడ్డి’కి ‘ఐ’యే. దొరతనం తన చేత్తో తన ‘వై’ని చెరిపేసుకుంది.

డిచ్‌పల్లి సాక్ష్యం దీనికి తోడు నిలుస్తుంది, పైగా అది సర్కారు కాగితం కాదు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున 1907లో వచ్చిన స్కాట్లండ్ డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ నిజామాబాద్‌లో పనిచేస్తూ కుష్ఠు రోగుల దుస్థితి చూశారు. వైద్యానికి చోటు లేదు, ఊళ్లోకి రానిచ్చే దిక్కు లేదు. రాజా నర్సాగౌడ్ ఇచ్చిన భూమిలో 1915లో డిచ్‌పల్లి దగ్గర విక్టోరియా ఆసుపత్రి వెలిసింది. చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను సూది ద్వారా ఎక్కించే చికిత్సకు ఈ ఆసుపత్రి పేరుపొందింది. 1923లో ఇసబెల్ కెర్‌కు కైజర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె కన్నుమూసింది. ఇక్కడ పనిచేసిన డాక్టర్ జాన్ లోవ్ తర్వాత నైజీరియాలోని ఉజువాకోలికి వెళ్లి డాప్సోన్ మాత్రల చికిత్సను నిలబెట్టినవారిలో ఒకడయ్యాడు. మందు గురించి ఇన్ని మాటలు ఎందుకంటే, ఆ రోజుల్లో లండన్ వైద్యలోకానికి, చర్చి పత్రికలకు నిజామాబాద్ కన్నా డిచ్‌పల్లి పేరే ఎక్కువ తెలుసు. ఆ పేరును వాళ్లు ఎలా రాశారు? డెర్మట్ మొనహన్ ఈ ఆసుపత్రి మీద 1938లో లండన్‌లో ప్రచురించిన పుస్తకం శీర్షికలోనే ఉంది: ఒకే ‘ఎల్’, చివర ‘ఐ’. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న రచయిత, ఇంగ్లీషు పాఠకుల కోసం, ఇంగ్లండ్‌లో అచ్చువేసిన పుస్తకానికి ‘వై’ పెట్టుకోలేదు. ఈనాడు అదే ఊళ్లో, 2006లో ఏర్పడ్డ తెలంగాణ విశ్వవిద్యాలయం తన చిరునామాలో ‘వై’ రాస్తోంది. దొరసాని ఆసుపత్రికి ‘ఐ’, మన విశ్వవిద్యాలయానికి ‘వై’. తోక ఎవరు తగిలించారో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి జంట దొరకదు.

మూడో సాక్షి రైలు. హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా గోదావరి లోయ మీదుగా వేసిన మీటర్ గేజి దారి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నడక మొదలుపెట్టింది. ఇందూరు పేరు మారి నిజామాబాద్ కావడంలో 1905 నాటి స్టేషన్‌కు భాగముందని జిల్లాలో అందరూ చెబుతారు. రైలు వచ్చిన ఊరికి అంతకు ముందు లేని ఒక అవసరం పుడుతుంది: టికెట్ మీద, పలక మీద, టైం టేబుల్లో ఒకే స్పెల్లింగ్ ఉండాలి. ఒకసారి ఎక్కిన స్పెల్లింగ్ ఊరకే దిగదు. ఈ దారి మీదున్న కామారెడ్డిని రైల్వే ఇప్పటికీ ‘ఐ’తోనే రాస్తుంది, బయట కలెక్టరేట్ మీద ‘వై’. హైదరాబాద్‌లో లింగంపల్లి స్టేషన్‌కు ‘ఐ’, ఆ చుట్టూ పెరిగిన శేరిలింగంపల్లికి ‘వై’. ఇక పెద్దపల్లి, భూపాలపల్లి చిక్కుముడి కూడా ఇక్కడే విడిపోతుంది. పెద్దపల్లి కాజీపేట–బల్లార్షా మార్గం మీది పాత స్టేషన్. జిల్లా కాకముందే దాని ఇంగ్లీషు రూపం పట్టాల పక్కన గట్టిపడి ఉంది. భూపాలపల్లికి స్టేషన్ లేదు, బొగ్గు గనులతో ఆలస్యంగా పెరిగిన ఊరు. పాత రాత దొరికిన ఊరు ‘ఐ’ని నిలబెట్టుకుంది, పాత రాత లేని ఊరు ‘వై’ని ఎత్తుకుంది.

మరి ‘వై’ ఎప్పుడు, ఎవరి చేతుల్లోంచి వచ్చింది? హైదరాబాద్ రాజ్యంలో కచేరీల భాష 1884 దాకా ఫార్సీ, తర్వాత ఉర్దూ. పట్వారీ లెక్క, తహసీలు దస్త్రం, కోర్టు ఫైసలా అన్నీ ఉర్దూలో నడిచాయి. ఊరి పేరును ఇంగ్లీషులో రాయాల్సిన పని రెసిడెన్సీకి, రైల్వేకు, మిషన్‌కు, పోస్టుకు తప్ప మరెవరికీ రోజూ పడలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో సంగతి వేరు. అక్కడ కలెక్టరు కచేరీ ఇంగ్లీషులో నడిచింది, హంటర్ పద్ధతి దస్త్రాల్లో డెబ్బై ఏళ్లకు పైగా నానింది. అందుకే తాడేపల్లి, సర్వేపల్లి ‘ఐ’తో గట్టిపడ్డాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ తన ఇంటిపేరును అలాగే రాసుకున్నారు. ఇటు 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. కొద్ది కాలంలోనే కచేరీల్లో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. వేల ఊళ్ల పేర్లను ఉన్నట్టుండి ఇంగ్లీషులో రాయాల్సి వచ్చింది. రాసిన గుమస్తా హంటర్ మార్గదర్శిని చదివినవాడు కాదు, బడిలో సిటీ, లేడీ, క్యారీ నేర్చినవాడు. చెవికి ‘ఇ’ అని వినిపించే చివరి అక్షరానికి అతనికి తెలిసిన ఇంగ్లీషు రాత ‘వై’. అతను తప్పు చేయలేదు. నేర్చిన పాఠాన్ని చక్కగా అమలు చేశాడు.

దీనికి గట్టి రుజువు కామారెడ్డే. గెజెటీర్‌లో అది కామారెడ్డిపేట. ‘రెడ్డి’ మాట మధ్యలో ఉంది, ‘ఐ’తో ఉంది. వాడుకలో పేట రాలిపోయింది, ‘రెడ్డి’ మాట చివరికి వచ్చింది, ‘ఐ’ పోయి ‘వై’ అయింది. ఎల్లారెడ్డిపేట ఎల్లారెడ్డి అయినప్పుడూ ఇదే జరిగింది. మెదక్ వైపు సంగారెడ్డిపేట సంగారెడ్డి అయినప్పుడూ ఇదే. సిరిసిల్ల వైపున్న మరో ఎల్లారెడ్డిపేటలో పేట రాలలేదు. అక్కడ ఇప్పటికీ ఇంగ్లీషులో ‘రెడ్డి’ మధ్య ‘ఐ’ తరచుగా కనిపిస్తుంది. కోస్తాలో తాడేపల్లిగూడెం లోపలి ‘పల్లి’కి ‘ఐ’ తప్ప వేరే రాత ఎవరూ ఊహించరు. చివర ‘వై’, లోపల ‘ఐ’: పదిహేడో శతాబ్దపు లండన్ ముద్రాపకుల ఒప్పందం మంజీర ఒడ్డున అక్షరాలా అమలైంది, దాన్ని ఎవరూ ఆదేశించకుండానే. మనిషి పేర్ల ఒత్తిడి కూడా తక్కువది కాదు. కట్టమంచి రామలింగారెడ్డి మొదలుకొని చదువుకున్న రెడ్లు తమ పేరు చివర ‘వై’నే రాసుకున్నారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ‘ఐ’తో రాసుకున్నా, తర్వాతి మూర్తుల్లో ఎక్కువమంది ‘వై’ వైపే మొగ్గారు. శాస్త్రుల సంగతీ అంతే. మనిషి పేరులో చిరపరిచితమైన అక్షరం ఊరి పేరులోకి దిగడానికి ఎంతసేపు? 1985లో తాలూకాలు పోయి ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. అంతకు ముందు కచేరీ గడప తొక్కని చిన్న చిన్న ఊళ్లు కూడా సర్కారీ ముద్ర మీదికెక్కాయి. ఎడపల్లి, జక్రాన్‌పల్లి లాంటి పేర్లకు ‘వై’ శాశ్వతం కావడంలో ఆ ముద్రల పాత్ర పెద్దది.

దీనికి చెప్పదగ్గ అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది ఉర్దూ గురించి. ఉర్దూలో ‘పల్లి’ చివర రాసేది ‘యే’ అనే అక్షరం. యకారానికీ అదే, ఈకారానికీ అదే. ఇంగ్లీషు నేర్పే మునిషీ ‘యే’కు జోడీగా ‘వై’ని చూపి ఉంటాడు కదా, ‘వై’ అలా వచ్చి ఉండొచ్చు కదా అనవచ్చు. ఈ వాదంలో సత్తా ఉంది. ఉర్దూ నీడ డిచ్‌పల్లి మీద పడిందనడానికి ఇంకో గుర్తు కూడా ఉంది: మిషన్ రాతలోని ఒంటి ‘ఎల్’. ఉర్దూలో ద్విత్వాన్ని తష్దీద్ గుర్తుతో చూపుతారు, దాన్ని రాతలో తరచూ వదిలేస్తారు. అప్పుడు ‘పల్లి’, ‘పలి’ ఒకేలా కనిపిస్తాయి. కానీ అదే మిషన్ రాత చివర ‘ఐ’ పెట్టింది. ఉర్దూ నీడ బాగా చిక్కగా ఉన్న 1915, 1938లలో రాని ‘వై’, ఉర్దూ కచేరీల నుంచి తప్పుకున్నాక విరగబూయడం ఎలా కుదురుతుంది? పైగా ఉర్దూ సోకని చోట్ల కూడా రెడ్డి, మూర్తి, శాస్త్రి ‘వై’ పట్టారు. కాబట్టి ఉర్దూ సాయం చేసి ఉండొచ్చు గాని, కారణం అది కాదు.

రెండో అభ్యంతరం 1948 తర్వాత మద్రాసు వైపు నుంచి వచ్చిన ఉద్యోగుల గురించి. 1952లో స్థానికేతరుల ఉద్యోగాలకు వ్యతిరేకంగా ముల్కీ ఆందోళన రేగేంతగా వాళ్లు వచ్చారు. ఇంగ్లీషు కచేరీలో పండినవాళ్లు తమ ‘ఐ’ని ఎందుకు తేలేదు? తెచ్చి ఉండాల్సింది. అయితే వాళ్ల ‘ఐ’ ఒక సూత్రంగా వాళ్ల బుర్రల్లో లేదు, తమ జిల్లాల దస్త్రాల్లో ఉంది. తాడేపల్లికి ‘ఐ’ అని తెలిసినవాడికి జక్రాన్‌పల్లికి ఏమి రాయాలో ఏ దస్త్రమూ చెప్పదు. దస్త్రం లేని చోట వాళ్లూ బడి పిల్లలే. అనకాపల్లి చూడండి: తెలుగులో చివర గుడి, ఇంగ్లీషులో కొన్ని చోట్ల ‘ఈ’, కొన్ని చోట్ల ‘ఐ’. ప్రెసిడెన్సీ క్రమశిక్షణను మరీ నెత్తికెత్తుకోవాల్సిన పనిలేదు.

మూడోది, ఎక్కువగా వినిపించేది: ఎవరు పెట్టినా తప్పు తప్పే, దిద్దాలి. కర్ణాటక 2014 నవంబరు 1న పన్నెండు ఊళ్ల ఇంగ్లీషు రూపాలు మార్చి బళ్లారి చివర ‘వై’ తీసి ‘ఐ’ పెట్టింది, మనమూ చేయవచ్చు కదా? హంటర్ బాటలో వచ్చిన లిప్యంతరీకరణను 1972లో ఐక్యరాజ్యసమితి భౌగోళిక నామాల సదస్సు కూడా ఆమోదించింది. శాస్త్రం ‘ఐ’ వైపుందన్న మాట నిజమే. కానీ బళ్లారిది కంపెనీ కాలపు చెవిటి రాత. అక్కడ చివరి అక్షరం ఒక్కటే కాదు, మొదటి అచ్చూ తప్పే. దాన్ని దిద్దడంలో పరాయి చేతిని తుడిచే తృప్తి ఉంది. డిచ్‌పల్లి ‘వై’ని తుడిస్తే తుడుచుకుపోయేది మన గుమస్తా చేతిరాత, మిగిలేది 1908 నాటి దొర రాత! ఆత్మగౌరవం పేరుతో ఆ పని చేయబోతే విచిత్రంగా ఉంటుంది. ఇక భూమి పాసుపుస్తకం, ఆధార్, డిగ్రీ పట్టా, పాస్‌పోర్టు ఒకదానితో ఒకటి కలవక జనం పడే తిప్పలు చిన్నవి కావు. వాటికి మందు ‘ఐ’ కాదు, ఏదో ఒక్క రూపం. అన్నట్టు, తెలుగులో మనం ఒక్కతీరుగా రాస్తున్నామా? డిచ్‌పల్లిని కొందరు పొల్లు చకారంతో రాస్తారు, కొందరు చకారం కింద పావొత్తు పెడతారు, కొన్ని బోర్డుల మీద రెండు ముక్కలు చేస్తారు. ఇంగ్లీషు ‘వై’ మీద విరుచుకుపడే ముందు సొంత పొల్లును సరిచూసుకోవడం మర్యాద.

‘వై’ పాఠం పక్క పేజీలోనే అపాస్ట్రఫీ పాఠం ఉంటుంది. ఈ జిల్లా చరిత్ర దానికీ ఉదాహరణలు ఇస్తుంది. పాత ఇంగ్లీషులో షష్ఠీ విభక్తికి ‘ఈ-ఎస్’ ప్రత్యయం ఉండేది; ఆ ‘ఈ’ పలుకుబడిలో జారిపోయింది, జారిన చోటికి గుర్తుగా పదిహేడో శతాబ్దంలో అపాస్ట్రఫీ నిలిచింది. బహువచనానికి అది ‘ఎస్’ తర్వాత రావాలన్న నియమం పద్దెనిమిదో శతాబ్దంలో గాని కుదురుకోలేదు. నిజాం పేరులో ఏ ‘ఈ’ ఎన్నడూ జారలేదు, అయినా 1883లో ఆ గుర్తు ఆయనకు అంటుకుంది: నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. లండన్‌లో వాటాలు అమ్ముకునే కంపెనీకి నిజాం ప్రభుత్వం వడ్డీ హామీ ఇచ్చింది. రైలు ఎవరిది, హామీ ఎవరిది, లాభం ఎవరిది అన్న ప్రశ్నలన్నీ ఆ చిన్న గుర్తు వెనక దాక్కున్నాయి. ఆ ప్రశ్నలు అడిగినవాళ్లున్నారు. ఇదే రైల్వేకు సంబంధించిన చాందా పథకాన్ని వ్యతిరేకించినందుకే అఘోరనాథ్ చటోపాధ్యాయను 1883లో రాజ్యం నుంచి పంపేశారు. సరోజినీ నాయుడి తండ్రి ఆయన. తర్వాత నిజాం కాలేజీగా ఎదిగిన విద్యాసంస్థకు తొలి రోజుల్లో సారథి. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కొనేసుకుంది, పేరులోంచి ‘గ్యారంటీడ్’ పోయింది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసిపోయాక నిజామూ పోయాడు, అపాస్ట్రఫీ కూడా పోయింది.

దీనికి పక్కన నిజాంసాగర్‌ను పెట్టి చూడండి. అచ్చంపేట దగ్గర మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన జలాశయం. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్లతో చెరుకు పెరిగింది, ఆ చెరుకు కోసం బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న కర్మాగారం. రెండు పేర్లలోనూ అపాస్ట్రఫీ లేదు. నిజాం కాలేజీకీ లేదు. రైల్వే పేరు ఒక ఒప్పంద పత్రంలో పుట్టింది, ‘ఫలానావారిది’ అని చెప్పడం దానికి అవసరం. చెరువు, కాలేజీ, ఫ్యాక్టరీ పాలకుడి పేరు పెట్టుకున్నవి. ఆస్తి ఎవరిదో ఆ పేరు చెప్పనక్కర్లేదు. పంజాగుట్టలో నిమ్స్ అనే ఆసుపత్రి అసలు పేరులో నిజాంకు అపాస్ట్రఫీ ఉంది కదా అంటే, అది నిజాం ధర్మనిధి కట్టించిన ఎముకల ఆసుపత్రి నుంచి వారసత్వంగా వచ్చింది. అక్కడా ఒక దానపత్రం ఉంది. అమెరికాలో 1890 నుంచి భౌగోళిక నామాల బోర్డు ఊళ్ల, కొండల పేర్లలోంచి అపాస్ట్రఫీని ఏరిపారేస్తూ వస్తోంది, మార్తాస్ విన్‌యార్డ్ లాంటి నాలుగైదు చోట్ల తప్ప. మన దగ్గర బోర్డు అవసరమే రాలేదు. తెలుగువాళ్లు ‘వై’ని ఎత్తుకున్నంత ఇష్టంగా ఊళ్ల పేర్లలోకి అపాస్ట్రఫీని తెచ్చుకోలేదు. దుకాణాల బోర్డుల మీద మాత్రం బహువచనం కనిపించిన ప్రతి చోటా దాన్ని గుచ్చుతున్నారు. దానికి ఏ చరిత్రా లేదు, అది ఉత్త పొరపాటు.

చివరగా ఇంగ్లీషు వ్యాకరణం నుంచే ఒక సంగతి. ‘వై’ పోయి ‘ఐ-ఈ-ఎస్’ వచ్చే సూత్రం మనుషుల పేర్లకు వర్తించదు. కెనెడీలు ఎంతమంది ఉన్నా ‘వై’ చెక్కుచెదరదు, వట్టి ‘ఎస్’ చేరుతుంది. ఇంగ్లీషు పత్రికలో రెడ్ల గురించి రాసినా అంతే. పేరును విరవకూడదని ఆ భాషే ఒప్పుకుంది. అందుకే నా తీర్పు ఇది. డిచ్‌పల్లి, కామారెడ్డి, భూపాలపల్లి ‘వై’తో ఉండాలి, పెద్దపల్లి, తాడేపల్లి ‘ఐ’తో ఉండాలి, మదనపల్లెకు ‘ఈ’ పోకూడదు. ప్రతి ఊరికి తెలుగు రాత మూలం, దాని పక్కన ఇంగ్లీషు రూపం ఒక్కటే, ఆ ఒక్కటే రెవెన్యూలో, రైల్వేలో, పోస్టులో. ఊళ్ల పేర్ల మార్పులకు 1953 నుంచి కేంద్ర హోం శాఖ మార్గదర్శకాలున్నాయి. కామారెడ్డి స్టేషన్‌కూ కలెక్టరేట్‌కూ మధ్య ఉన్న ఒక్క అక్షరం తగాదాను తీర్చడానికి జిల్లా యంత్రాంగం ఒక ఉత్తరం రాస్తే మొదలవుతుంది.